చేతిమాట

సౌభాగ్యం మోచేతి దాకా చేయి గడ్డిమోపులోకి దూర్చి, కళ్ళు మూసుకుని, గుప్పెట బిగించి, ఆరు లెక్కపెట్టి వదిలింది. అరచేతిలో గడ్డి విచ్చుకోలేదు, ముద్దగా నిలిచింది. ఒక పరక తీసి మడిచి చూసింది. విరగాల్సింది కాస్తా వంగి ఊరుకుంది.

"ఇరవై ఆరు," అంది చెవికి తగిలించుకున్న మైకులోకి.

"ముక్కు కొలత ఇరవై మూడు. చేతిమాట ఇరవై ఆరు. చేతిమాట నమోదైంది," అంది కొలిములకు గడ్డి మేపే యంత్రం పోషిణి. "మోపు తిరస్కృతం. తొమ్మిది కొలిముల ముక్కులూ సరిదిద్దబడ్డాయి."

మోపు ఎడమకు మళ్ళి, ఆరబెట్టే కొట్టంలోకి పోయింది. కదిలే పట్టా మీద ఇంకో మోపు వచ్చి నిలిచింది. ఉదయం ఆరు నుంచి ఇది నలభై ఒకటోది. వాటిలో కొలిమిలోకి పోయినవి తొమ్మిదే.

పట్టా మీద వేలాడే తేమ పరికరాలను ఏడో కొలిమిలో అందరూ ముక్కులనే అంటారు. వాన పట్టిందంటే వాటికి జలుబు చేస్తుందని సౌభాగ్యం వేళాకోళం. పోషిణికి వేళాకోళం తెలియదు గానీ ఆ సంగతి బాగా తెలుసు. అందుకే సముద్రపు ఒడ్డు పొడుగునా ఉన్న తొమ్మిది కొలిముల ముక్కులూ రోజంతా ఆమె చెప్పిన అంకెను బట్టే తమను తాము దిద్దుకుంటాయి. మిగతా ఎనిమిది కొలిముల్లో, ఇలా చేత్తో తేమ చూసే తడిచూపరి కొలువులు ఎప్పుడో ఎత్తేశారు. ఒక చేయి సరిగ్గా ఉంటే చాలునని లెక్క తేలిందట. పందొమ్మిదేళ్ళలో ఆ చేయి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. సౌభాగ్యానికి అందులో కొంచెం గర్వమూ ఉంది, అంతకంటే ఎక్కువ భయమూ ఉంది.

వాన మూడు రోజులుగా తెరిపివ్వడం లేదు. గోడ మీద ఒత్తిడి అంకె అరవై నాలుగు ఉండాల్సింది అరవై ఒకటి చూపిస్తోంది. అది నలభై అయిదుకి దిగితే, ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే బట్టీలకు ఆవిరి అందదు. బట్టీలు ఆగితే, నూతుల్లోకి సముద్రం వచ్చేసిన ఈ లంకల్లో తాగడానికి చుక్క దొరకదు. ఇంకా దిగితే కరెంటు పోతుంది. ఆ పైన మంటే పోతుంది.

మంట పోవడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆరో కొలిమి ఆరిపోయిన ఏడాది ముక్కులు తడిగడ్డిని పొడిగడ్డి అన్నాయి, పోషిణి సరేనంది, తెల్లారేసరికి కొలిమి గర్భంలో మంటను నిలిపే ఇసుక నల్లబడింది. పక్క కొలిమి నుంచి ఎర్రటి ఇసుకను ఇనుప పడవల్లో కాలవ మీద తెచ్చి మళ్ళీ రాజెయ్యడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. పద్దెనిమిదో రోజున సౌభాగ్యం తల్లి మురుగుకాలవ నీళ్ళు వడగట్టుకుని తాగింది. ఇరవయ్యో రోజుకి మనిషి లేదు. ఆ తర్వాతే చేతిమాటే చివరిమాట అన్న నియమం వచ్చింది. అమ్మ పోయిన రెండో నెలలో సౌభాగ్యం ఆ కొలువులో చేరింది.

"అక్కా, ఏమన్నా పొడిది తగిలిందా?" అంటూ ఫణీంద్ర వచ్చాడు. ఏడో కొలిమి ఇన్‌చార్జి. ముప్పై నాలుగేళ్ళవాడు, మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"ఎక్కడ తగులుద్ది ఫణిబాబూ! పిండితే నీళ్ళు కారతన్నాయి."

"ఊకగాదెలో నలభై నిమిషాలకే ఉంది. ఊకతో మంట నిలబడుద్ది గానీ ఒత్తిడి నిలబడదు." అతను ఆ మాట పొద్దున్నుంచి అయిదుసార్లు అన్నాడు. ఆమె అయిదుసార్లూ తలూపింది.

అప్పుడే బయట ఏరుబండి కూత వినిపించింది. కాలవగట్ల మీద ఊళ్ళవాళ్ళు పెట్టిన మోపుల్ని వాటంతటవే ఏరుకొచ్చే బండ్లవి. నడిపే మనిషి ఉండడు. పంట మిగులు ఏదైనా సరే, గట్టు మీద పెట్టిందంటే అది కొలిమిది.

"గరువుపాలెం గట్టు. పదకొండు మోపులు. ముక్కు కొలత పన్నెండు," అంది పోషిణి. "బరువు సాధారణం కంటే ఎక్కువ. ఉష్ణవిలువ ఉత్తమం. కొలిమికి ప్రాధాన్యం ఇస్తున్నాను."

"పన్నెండా!" ఫణీంద్ర ముఖం విప్పారింది. "దేవుడున్నాడక్కా!"

బండి లోపలికి వచ్చి ఆగింది. టార్పాలిన్ దానంతటది చుట్టుకుంది. మోపుల నడుమ నుంచి ముందు ఒక తల లేచింది, తర్వాత తడిసిన చీర, ఆ తర్వాత ఒక చేతికర్ర. అరవై అయిదేళ్ళ ఆడమనిషి బండి దిగడానికి చోటు వెతుక్కుంటూ, దిగీ దిగకముందే అందుకుంది.

"ఏం బండమ్మా ఇది! అరుస్తన్నా ఆగదు, కర్రతో కొడతన్నా ఆగదు. తిట్టుకోడానికైనా లోపల మనిషి లేడే! పట్టుకు వేలాడి వచ్చాను. ఎవరమ్మా ఇక్కడ పెద్ద?"

సౌభాగ్యం చేయందించి దింపింది. "ముందు కూర్చో పెద్దమ్మా. ఎవరు నువ్వు?"

"గరువుపాలెం రాహేలమ్మని. కూర్చోడానికి రాలేదు. మా పురులు మాకిచ్చెయ్యండి, పట్టుకుపోతాం."

"పురులా?"

సౌభాగ్యం బండి వైపు అప్పుడు సరిగ్గా చూసింది. మోపులు పలకలుగా ఉంటాయి. ఇవి గుండ్రంగా, పొట్ట ఉబ్బి, పేనిన గడ్డితాడు చుట్టు మీద చుట్టుగా బిగించి ఉన్నాయి. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో అలాంటిది ఒకటి ఉండేది. దాని మీదెక్కి కూర్చుంటే తిట్లు పడేవి. ఆమె గబగబా మొదటి దానిలోకి చేయి దూర్చింది. జానెడు గడ్డి దాటగానే వేళ్ళకు గుచ్చుకోవడం ఆగిపోయింది. చల్లగా, నున్నగా, వేళ్ళ సందుల్లోంచి జారిపోతూ వడ్లు తగిలాయి.

ఆమె గుప్పెట నింపుకుని బయటికి తీసింది. పొట్టి గింజలు, ఎర్రటి ఒళ్ళు, కొసకు నల్లటి ముల్లు.

"చవిటి బుడమలు," అంది రాహేలమ్మ. "ఉప్పు నేలలో మొలిచేవి ఇయ్యొక్కటే. మొన్న తుఫానుకి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ విత్తనం మిగల్లేదు. మా పదకొండు కొంపల్లోనే మిగిలినయ్యి. ఆకుమడి దున్ని పెట్టుకున్నాం. ఇంకో పదిరోజుల్లో చల్లకపోతే ఈ కారు పంట తప్పిపోద్ది."

"మరి గట్టు మీద ఎందుకు పెట్టారు పెద్దమ్మా? గట్టు మీద పెడితే బండి ఎత్తుకుపోద్దని తెలవదా?"

"ఇళ్ళల్లో మోకాల్లోతు నీళ్ళమ్మా! పురి ఎప్పుడూ మెరక మీదే పెట్టాలి. మా ఊళ్ళో మెరకంటే ఆ గట్టే. ఎప్పుడూ పైన మట్టి మెత్తుతాం. ఈ వానకి మట్టి నిలవక ఉత్త గడ్డితో కట్టి పెట్టాం. వాన తగ్గాక మెత్తుదాంలే అనుకున్నాం. మనిషైతే చూసి వదిలేసేవోడు." ఆమె కర్రతో నేలను ఒకటి కొట్టింది. "నా బుద్ధి గడ్డి తింది. గట్టు మీద పెడదామన్నది నేనే."

ఇనుప చేతులు ఒక్కొక్క పురినీ ఎత్తి పట్టా మీద పెట్టడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచి కొలిమి గొంతుకు పద్దెనిమిది నిమిషాల దారి.

"పోషిణీ, ఆపు," అంది సౌభాగ్యం. "ఇవి మోపులు కావు. లోపల విత్తనాలున్నాయి."

"విత్తనం అనే గడి లేదు. దయచేసి తేమ చెప్పండి."

"తేమ కాదు. ఇవి తగలబెట్టేవి కావంటన్నాను."

"వరి జాతి పదార్థం. దహనయోగ్యం. బూడిద పరిమితిలో ఉంది. దయచేసి తేమ చెప్పండి."

సౌభాగ్యం ఫణీంద్ర వైపు తిరిగింది. అతను గింజల వంక చూశాడు, గోడ మీద అంకె వంక చూశాడు. అరవై.

"నా దగ్గర పట్టా ఆపే బొత్తాం లేదక్కా. మీకూ తెలుసు. పైవాళ్ళకి రాస్తాను, వాళ్ళు చూసేసరికి సాయంత్రమవుద్ది." గొంతు తగ్గించాడు. "ఒకటడుగుతాను, ఏమనుకోకండి. ఈ మూడు రోజుల్లో ఇంత పొడి సరుకు దొరికింది ఇదొక్కటే. బట్టీలాగితే రేపు నా ఇంట్లో నీళ్ళుండవు, మీ ఇంట్లోనూ ఉండవు, ఈవిడ ఊళ్ళోనూ ఉండవు."

"నీళ్ళుండి తిండి లేకపోతే?" అంది రాహేలమ్మ.

సౌభాగ్యానికి తల్లి ఆఖరి రోజుల్లో నాలుక పిడచకట్టుకుపోయి అడిగిన నీళ్ళు గుర్తొచ్చాయి. చేతిలో గింజలు చెమటకు అంటుకున్నాయి. మొదటి పురి మెల్లగా ముక్కు కిందికి వచ్చి నిలిచింది. ఆమె మాట కోసమే నిలిచింది, ఆమె నోరు విప్పేదాకా కదలదు. విప్పకపోతే అరవై సెకన్ల తర్వాత ముక్కు మాటే చెల్లుతుంది.

"దయచేసి తేమ చెప్పండి. ఇరవై సెకన్లు."

"ముప్పై నాలుగు," అంది సౌభాగ్యం.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. నోటికి వచ్చేసింది, అంతే.

"ముక్కు కొలత పన్నెండు. చేతిమాట ముప్పై నాలుగు. తేడా ఇరవై రెండు," అంది పోషిణి. "చేతిమాట నమోదైంది. పదకొండు మోపులూ తిరస్కృతం."

పురి ఎడమకు మళ్ళింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. రాహేలమ్మకు విషయం అర్థమయ్యేసరికి పదకొండోది కూడా కొట్టంలోకి పోయింది. ఆవిడ ఉన్నచోటే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పందొమ్మిదేళ్ళ మాట గంగలో కలిసిందని సౌభాగ్యానికి తెలుస్తోంది. అయినా ఒంట్లో ఏదో బరువు దిగినట్టే ఉంది.

"తొమ్మిది కొలిముల ముక్కులూ సరిదిద్దబడ్డాయి," అంది పోషిణి.

రోజుకు వందసార్లు వినే వాక్యం అది. విని విని ఆమె చెవులు దాన్ని పట్టించుకోవడం మానేశాయి. ఫణీంద్ర మాత్రం విన్నాడు.

"అక్కా... ఏం చేశారక్కా!"

అప్పుడు ఆమెకూ తట్టింది. తెలియని సంగతేమీ కాదు. ఆ ఇరవై సెకన్లలో తోచలేదు, అంతే. పన్నెండున్న దాన్ని ఆమె ముప్పై నాలుగంది. పోషిణికి ఆమె అన్నదే నిజం. కాబట్టి పన్నెండు చూపించే ప్రతి ముక్కూ తప్పు. ఇకనుంచి తొమ్మిది కొలిముల్లోనూ పొడిగడ్డి ఎదురైతే అది తడిగడ్డే.

పక్కనే పట్టా ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగడం సౌభాగ్యం ఇన్నేళ్ళలో వినలేదు. వాన శబ్దం ఒక్కసారిగా పెద్దదైంది.

"మొదటి కొలిమి, దహనయోగ్యమైన మోపు లేదు, పట్టా ఆగింది. రెండో కొలిమి, పట్టా ఆగింది. మూడో కొలిమి..." పోషిణి వరసగా చదువుకుంటూ పోయింది. తొమ్మిదీ చదివింది. గొంతులో ఏ కంగారూ లేదు, అదే వినడానికి భయంగా ఉంది.

గోడ మీద అంకె యాభై ఎనిమిది.

"ఇప్పుడే చెప్పెయ్యండి, పొరపాటైందని చెప్పండి," అన్నాడు ఫణీంద్ర. "పన్నెండు అనండి, చాలు. అన్నీ మళ్ళీ నడుస్తాయి."

"పన్నెండంటే పురులు వెనక్కి వచ్చేస్తాయి ఫణిబాబూ. దానికి పన్నెండంటే పన్నెండే. గింజైనా ఒకటే, గడ్డైనా ఒకటే."

"మరి లంకల్లో జనం మాటేంటి?"

ఆమె బయటికి చూసింది. పెరట్లో ఆరు గడ్డివాములు వానలో నానుతున్నాయి. ముప్పై ఒక శాతం అని పోషిణి పక్కన పెట్టేసినవి. పోషిణి వామి మొత్తానికి ఒకటే అంకె వేస్తుంది. కానీ వామి నానేది పైన మూరెడు, కింద మూరెడు. నడుమ గడ్డి నిరుడు పెట్టినట్టే ఉంటుంది. గడ్డి పేర్చిన చేతులకెవరికైనా ఆ సంగతి తెలుసు. పోషిణికి చేతుల్లేవు.

"వాములు చీలుద్దాం," అంది. "పైది తోసేసి నడుమది లాగి, చేత్తో చూసి, ఊక పోసే ఊకవాకిలి లోంచి నేరుగా కొలిమిలోకి విసురుదాం. పట్టాతో పనిలేదు."

"ఇక్కడ సరే. మిగతా ఎనిమిది చోట్ల ఎవరు చూస్తారు? ఎవరికి తెలుసు?"

ఆ ప్రశ్న అతను అడిగిన నిమిషానికే పోషిణి కూడా అడిగింది. "ఎనిమిది కొలిముల్లో తడిచూపరులు లేరు. మిగిలినది మీరొక్కరే. అక్కడి సిబ్బంది ఏం చేయాలని అడుగుతున్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఏం చెప్పమంటారు?"

పందొమ్మిదేళ్ళలో అది ఆమెను తేమ తప్ప ఇంకోటి అడగలేదు.

"అందరికీ నా గొంతు వినిపించు," అంది సౌభాగ్యం.

చెవిలో ఎనిమిది చోట్ల వాన ఒకేసారి వినిపించింది.

"అయ్యలారా, అమ్మలారా, ఏడో కొలిమి సౌభాగ్యాన్ని. మీ పెరట్లో వాములున్నాయి, చీల్చండి. చేతి తొడుగులు తీసెయ్యండి, గాజులుంటే పైకి జరుపుకోండి. నడుమ గడ్డిలోకి మోచేతి దాకా పెట్టి, పిడికిలి బిగించి, ఆరు లెక్కపెట్టండి. వదిలితే దానంతటది విచ్చుకోవాలి. పరక మడిస్తే టిక్కుమనాలి. అట్టాంటిది ఊకవాకిలి లోంచి వేసెయ్యండి. ముద్దగా నిలబడితే పక్కన పడెయ్యండి. భయపడమాకండి, చేతికే తెలుస్తది."

ఫణీంద్ర చేతిగడియారం విప్పి జేబులో వేసుకుని వానలోకి పరిగెత్తాడు. బూడిద ఎత్తేవాళ్ళు, పంపుల దగ్గర వాళ్ళు, తలో పక్కనుంచి వాముల మీద పడ్డారు. రాహేలమ్మ లేచి, ఎవరూ చెప్పకుండానే, జారిపడుతున్న గడ్డిని పిడికిట్లో పట్టి చూసి, "ఇది వెయ్యి, ఇది వద్దు" అని వేరుచేయడం మొదలుపెట్టింది. ఆవిడ చేయి తన చేతికంటే వేగంగా ఉందని సౌభాగ్యం గమనించింది.

యాభై ఆరు. యాభై నాలుగు. ఊకవాకిలి లోంచి మొదటి కౌగిలెడు గడ్డి లోపలికి పోయింది. యాభై మూడు దగ్గర అంకె కాసేపు తచ్చాడి, మళ్ళీ దిగింది.

"అక్కా, నాలుగో కొలిమి నుంచి. ఏసోబు అంటారు నన్ను," అని కుర్రగొంతు ఒకటి చెవిలో పలికింది. "వామి దూరం అక్కా, మనుషులు ముగ్గురమే ఉన్నాం. ముందు పట్టా మీద ఆగిపోయినవి చూద్దామని చేయి పెట్టాను."

"పొడిగా ఉందా?"

"పొడిగానే ఉంది. కానీ..."

"కానీ ఏంటయ్యా? తొందరగా చెప్పు."

"గడ్డి జానెడే ఉందక్కా. లోపల గుచ్చుకోటం లేదు. చల్లగా జారిపోతన్నాయి. గుండ్రంగా తాడు చుట్టి ఉంది ఇది. ఇట్టాంటివి నా ఎదురుగా ఆరున్నాయి. ముందుది గొంతుకి పది బారల్లో ఉంది." అతను ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "ఇయ్యి వడ్లా అక్కా?"

ఏ ఊరివో, ఏ గట్టు మీదివో. మెరక కోసం గట్టు మీద పురి పెట్టుకున్న ఊరు గరువుపాలెం ఒక్కటేనా? ఈ మూడు రోజుల్లో, ఈ పందొమ్మిదేళ్ళలో, చేయి లేని కొలిముల్లోకి ఏమేం పోయాయో ఎవరికి తెలుసు? అంతా ఉత్తమమైన ఉష్ణవిలువే అయి ఉంటుంది.

"ఒత్తిడి యాభై ఒకటి," అంది పోషిణి. "తేడా ఇరవై దాటిన చేతిమాటకు రెండో కొలత తప్పనిసరి. గరువుపాలెం మోపులపై రెండో కొలత ఇవ్వండి. రెండు నిమిషాలు."

పన్నెండంటే తొమ్మిది పట్టాలూ కదులుతాయి. నాలుగో కొలిమిలో ముందున్న పురి పది బారలు ముందుకు పోతుంది. ముప్పై నాలుగంటే అంకె ఇంకా దిగుతుంది. ఎంత దాకా దిగుతుందో, తొమ్మిది పెరళ్ళలో తెలిసీ తెలియని చేతులు దాన్ని ఎక్కడ ఆపుతాయో, అసలు ఆపుతాయో లేదో.

ఆమె కొట్టంలోకి నడిచి, మొదటి పురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా చేయి పెట్టింది. నియమం ప్రకారం పిడికిలి బిగించింది. ఆరు లెక్కపెట్టింది. గింజలు చల్లగా ఉన్నాయి. "అమ్మా, క్షమించు," అనుకుంది, నిజంగానే ఏడుపు వచ్చింది. ఈసారి నోరు జారలేదు. అన్నీ తెలిసే అంది.

"ముప్పై నాలుగు."

"చేతిమాట నమోదైంది," అంది పోషిణి.

ఆ వెంటనే రావాల్సిన వాక్యం రాలేదు. సౌభాగ్యం చేయి పురిలోనే ఉంచుకుని ఎదురుచూసింది. గోడ మీద అంకె యాభైకి దిగింది. పెరట్లో ఫణీంద్ర ఎవరినో కేకేస్తున్నాడు.

"ముక్కులు సరిదిద్దడం నిలిపివేశాను," అంది చివరికి. "నాలుగో కొలిమి పట్టాకు ఏసోబుగారి చేతిమాట కోసం వేచి ఉన్నాను."

సౌభాగ్యం చేయి బయటికి తీసి, అంటుకున్న గింజల్ని ఒక్కొక్కటే మళ్ళీ పురిలోకి రాల్చింది.

"విన్నావా ఏసోబూ? నిన్నే అడుగుతోంది. ముందు ఆ పురులు కిందికి దించు, తర్వాత చెబుదువుగాని," అని, కొంగు నడుముకు చుట్టుకుని వానలోకి, వామి మీదికి వెళ్ళింది.